తల వెంట్రుకలును, భయమును

తల వెంట్రుకలను గూర్చి వ్రాయుటకు ఈ పత్రికలో చోటెందుకని కొందరు సహోదరులు అనుకొందురేమో. మన సంఘములలో ఆదివారము చాపల మీద కూర్చుండువారిలో సగముకంటె ఎక్కువ మంది స్త్రీలే. వారిలో ప్రతి ఒక్కతెయు దినమునకు ఒకటి రెండుసార్లు దువ్వెన పట్టుకొనును. తలంటుకొనుట, చిక్కు తీసికొనుట, పేలు చూచుకొనుట, జడ వేసికొనుట, వీటికి వారమునకొక పూట పోవుచున్నది. ఇంత కాలము తీసికొను పనిని గూర్చి మనము నెమ్మదిగా మాటలాడుకొనుట అరుదు. మాటలాడినప్పుడు భయపెట్టుటకే మాటలాడుదుము. మంగళవారము తలకు కత్తెర పెట్టరాదు, శుక్రవారము వెంట్రుక పారవేయరాదు, దీపము పెట్టిన తరువాత తల దువ్వరాదు, ముత్తైదువ జడకు కత్తెర తగులరాదు, తెగిన వెంట్రుక పరుల చేతికి చిక్కరాదు. ఈ భయములలో కొన్ని మన గుడి గడప దాటి లోపలికి వచ్చి మనతోకూడ చాప మీద కూర్చున్నవి. అందునిమిత్తమే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను జగిత్యాల వైపున, గోదావరికి చేరువనున్న ఒక పల్లెలో ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు చదువు చెప్పినదానను. అప్పుడది కరీంనగరు జిల్లా. 2016 అక్టోబరులో జిల్లాలను విడదీసినప్పుడు జగిత్యాల వేరు జిల్లా అయినది. నా భర్త ఆదిలాబాదు జిల్లాలో, ఇప్పటి మంచిర్యాల జిల్లాలో, బొగ్గు గనులలో పని చేసెను. సెలవు దొరికిన ఆదివారములలో మాత్రమే ఇంటికి వచ్చుచుండెను. ఆ విధముగా నా యింటిలో పెద్దలును నేనును పిల్లలును ఉంటిమి. చేసికొనవలసిన పని ఏదైనను నా చేతులతోనే చేసికొనుట నాకు అలవాటు.

నా జుట్టు మోకాళ్ల వరకు ఉండెడిది. చిన్ననాడు నేను చదివిన హాస్టలులో శనివారము సాయంకాలము మమ్ములను మెట్ల మీద వరుసగా కూర్చుండబెట్టెడివారు. పై మెట్టు మీది పిల్ల క్రింది మెట్టు మీది పిల్లకు చిక్కు తీయవలెను. అందరికంటె పైనున్న పిల్లకు మేట్రనమ్మ తీసెడిది. నెల కొకసారి ఆమె బట్టలు కత్తిరించు కత్తెర తెచ్చి ప్రతివారి జడ కొసను ఒక వ్రేలి మందము కత్తిరించెడిది. ఏడ్చిన పిల్లతో, “కొస విరిగిన వెంట్రుక పైకి చీలుకొని పోవును. ఒక వ్రేలు పోనిచ్చితివా, ఒక జానెడు మిగులును” అనెడిది. ఆ మాట వైద్యశాస్త్రమునకు సరిపోవు మాట అని చాలా యేండ్లకు తెలిసికొంటిని.

మనుష్యుని తల మీద ఇంచుమించు లక్ష వెంట్రుకలుండును. ఒక్కొక్కటి నెలకు ఒక సెంటీమీటరు, లేక అంతకు కొంచెము ఎక్కువ పెరుగును. అనగా సంవత్సరమునకు దాదాపు 15 సెంటీమీటర్లు. ఒక వెంట్రుక రెండు మొదలు ఆరు సంవత్సరములు పెరిగి, కొన్నాళ్లు ఊరకుండి, రాలిపోవును. దాని చోట మరియొకటి మొలచును. దినమునకు 50 నుండి 100 వరకు రాలుట ఆరోగ్యవంతులకును సహజమే. ప్రాణమున్నది చర్మము క్రిందనున్న కుదురులో మాత్రమే. చర్మము దాటి పైకి వచ్చిన భాగములో నరము లేదు, రక్తము లేదు. అందుచేతనే కత్తిరించినప్పుడు నొప్పి కలుగదు. కొస కత్తిరించినంత మాత్రమున కుదురునుండి త్వరగా పెరుగునని కొందరు చెప్పుట సరికాదు. అయితే చీలిన కొస తీసివేసినయెడల చిక్కు తగ్గును, దువ్వునప్పుడు మధ్యలో తెగుట తగ్గును. అందుచేత ఉన్నది నిలుచును.

మరియొక సంగతి ఆలోచించుడి. జడ 90 సెంటీమీటర్లున్నదనుకొనుడి. దాని కొస ఆరు సంవత్సరముల క్రిందట తలలోనుండి బయలుదేరినది. ఆరు ఎండకాలములు, ఆరు వరికోతలు, ఆరేండ్ల పొయ్యి పొగ దాని మీదుగా పోయినవి. నా కొస వెంట్రుకలు చేతిలోకి తీసికొని చూచినప్పుడు, మా మామగారు బ్రతికియున్న దినములలో ఇవి మొలచినవి గదా అని తలంచుకొన్నదినములు కలవు.

2006వ సంవత్సరములో చికున్ గున్యా జ్వరము మన రాష్ట్రమంతట వ్యాపించినప్పుడు మా పల్లెలో మంచము పట్టని యిల్లు లేదు. నాకును వచ్చెను. జ్వరము నాలుగు దినములకు దిగినది గాని కీళ్లు పట్టుకొని పోయినవి. చేయి భుజము దాటి లేవదు. జడ వేసికొనుట మాట అటుంచి, కొప్పు ముడి కూడ వేసికొనలేకపోతిని. మూడవ నెలలో జుట్టు గుప్పెళ్లుగా రాలుటకు మొదలుపెట్టెను. ఎవరో దిష్టి పెట్టినారని ఇంటికి వచ్చినవారందరును చెప్పిరి. కరీంనగరులో నన్ను చూచిన వైద్యురాలు మాత్రము తీవ్రమైన జ్వరము తరువాతను, కాన్పు తరువాతను రెండు మూడు నెలలకు ఇట్లు రాలుట కలదనియు, ఆరేడు నెలలలో తిరిగి వచ్చుననియు చెప్పెను. రక్తపరీక్ష చేయించి, రక్తము తక్కువగా ఉన్నదని ఇనుము మాత్రలు ఇచ్చెను. “అంత బరువును మోయుచు ఈ చేతులతో చిక్కు తీయుట కష్టము. ఒక జానెడు తగ్గించుకొనుము” అని కూడ చెప్పెను.

చెప్పుట తేలిక. కత్తెర పట్టువారెవరు? మా అత్తమ్మ ముఖము త్రిప్పుకొని, “మగడు బతికుండంగ నెత్తికి కత్తెర పెడ్తర బిడ్డా? నా చేతుల మీద నేను చెయ్య” అనెను. పొరుగింటి వదినెను పిలిచితిని. ఆమె కత్తెర చేతిలోనికి తీసికొని, మరల నేల మీద పెట్టి, “నాకు భయమైతది వదినా. రేపు అన్నకు గనుల ఏమన్న అయితే అందరు నన్నే అంటరు” అనెను. ఆమె మాటలో కపటము లేదు. బొగ్గు గనిలోనికి దిగు మనుష్యుని భార్యను పొరుగువారు కూడ జాగ్రత్తగా కాపాడుకొందురు. ఆమె భయము ప్రేమలోనుండి పుట్టినదే. అయినను నా జడకును ఆయన దిగు గనికిని మధ్య ఏ త్రాడును లేదని నేనెరుగుదును. గనిలో ప్రాణము కాపాడునది పైకప్పుకు పెట్టిన దన్ను, లోనికి పంపు గాలి, దీపము గల టోపీ, పని వారి మెలకువ. నా జడ మోకాలి వరకు ఉండుటచేత ఆ కప్పు నిలువదు.

చేతులు కొంచెము లేచిన తరువాత నాకు నేనే కత్తిరించుకొంటిని. అప్పటినుండి నేటివరకు మూడు నాలుగు నెలల కొకసారి ఆ పని నేనే చేసికొనుచున్నాను. ఒంటరిగా ఉండు సహోదరీలకు ఉపయోగపడునని ఆ పద్ధతిని ఇక్కడ వ్రాయుచున్నాను.

ముందటి దినము కుంకుడు రసముతో తలంటుకొని బాగుగా ఆరనియ్యవలెను. తడి వెంట్రుక సాగును. సాగినదానిని కత్తిరించినయెడల ఆరిన తరువాత అనుకొన్నదానికంటె పొట్టి అగును. నూనె పెట్టిన జుట్టు కత్తెరకు జారును గనుక ఆ దినము నూనె వలదు. వెడల్పు పండ్ల దువ్వెనతో మొదట కొసలు, తరువాత నడుము, చివరకు కుదుళ్లు, ఈ క్రమమున చిక్కు తీయవలెను. పైనుండి లాగినయెడల చిక్కంతయు క్రిందికి చేరి ముడి పడును.

తరువాత నుదురు మొదలు మెడ వెనుక వరకు నడుమ పాపిట తీసి జుట్టును రెండు పాయలు చేసి, ఒక్కొక్క పాయను ఒక్కొక్క భుజము మీదుగా ముందుకు తెచ్చుకొనవలెను. తల నిటారుగా ఉంచి, ఎదుట అద్దము పెట్టుకొనవలెను. ప్రతి పాయకును గొంతు ప్రక్క ఎముక దగ్గర ఒక రిబ్బను కట్టవలెను; రెండును ఒకే ఎత్తున ఉండవలెను. దాని క్రింద మరియొక రిబ్బను వదులుగా కట్టి, వెంట్రుకలను బిగువుగా పట్టుకొని, ఆ రిబ్బనును కొస దగ్గరకు జార్చవలెను. రెండు పాయలలోను క్రింది రిబ్బనులు సమముగా ఉన్నవా అని రవిక గుండీలతో గాని దారముతో గాని కొలుచుకొనవలెను. అప్పుడు రిబ్బను క్రింద ఒక వ్రేలి మందము మాత్రమే కత్తిరించవలెను. ఎక్కువ తీయవలెనన్నను మొదట తక్కువ తీసి చూచుకొనుట మేలు. తీసినదానిని అతికించు మనుష్యుడు లేడు. చివరకు కత్తెర మొనను పైకి త్రిప్పి కొసలో చిన్న చిన్న కోతలు పెట్టినయెడల అంచు మొద్దుగా కనబడదు.

ఇట్లు ముందుకు తెచ్చి కత్తిరించిన జుట్టు వెనుకకు వేసినప్పుడు నడుమ కొంచెము దిగి, ప్రక్కలకు కొంచెము పైకి ఉండును. మెడ వెనుకనుండి చుట్టి వచ్చిన వెంట్రుక ఎక్కువ దూరము ప్రయాణము చేసి కత్తెరకు అందినది గనుక అది పొడుగ్గా మిగులును. అది తప్పు కాదు. జడలోనికి చక్కగా ఒదుగును. బొత్తిగా అడ్డగీతవలె కావలసినవారు మరియొకరి సహాయము తీసికొనవలెను.

కత్తెర పదునైనదిగా ఉండవలెను. కొబ్బరి పీచు, మందుల పొట్లములు కత్తిరించిన మొద్దు కత్తెర వెంట్రుకను నమలును. నమిలిన చోట మరల చీలును. మన ప్రక్కనున్న నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రములో ఒకప్పుడు మూసలలో కాచిన ఉక్కు కత్తులు చేయుటకై పరదేశములకు పోయినది. అట్టి సీమలో పుట్టిన మనము పదునులేని కత్తెరతో ఎందుకు బాధపడవలెను? ఒక కత్తెరను గుడ్డలో చుట్టి ఈ పనికే దాచుకొనుడి.

ఇక కత్తిరించిన వెంట్రుకలేమి చేయవలెను? భయములన్నిటిలో పెద్ద భయము ఇక్కడనే ఉన్నది. తెగిన వెంట్రుక శత్రువు చేత చిక్కినయెడల దానితో బాణామతి చేయుదురని మన పల్లెలలో తరతరములుగా చెప్పుకొందురు. వినుటకు కథవలె నుండును గాని దాని ఫలము కథ కాదు. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రములు చేయుచున్నారను అనుమానముతో ఒక తండ్రిని, అతని ఇద్దరు కుమారులను ఒకే దినమున చంపిరి. పత్రికలలో ఆ వార్త చదివినవారికి జ్ఞాపకముండును. మా పల్లెకు అది దూరపు వార్త కాదు; బస్సెక్కి సంతకు పోవు ఊరది.

ఆ యేటి వేసవిలో మా వీధి చివర గుడిసెలో ఒంటరిగా కాపురముండు ఒక అవ్వను గూర్చి గుసగుసలు బయలుదేరినవి. ఆమె మన సంఘస్థురాలు కాదు. భర్త లేడు, కొడుకు వలస పోయి రాలేదు. ఉదయము వీధులు ఊడ్చిన తరువాత గోడల సందులలోను చూరు క్రిందను ఉన్న చిక్కు వెంట్రుకల ఉండలను ఏరి సంచిలో వేసికొనుట ఆమెకు అలవాటు. అదే సమయములో ఒక యింటి చిన్నవానికి జ్వరము తగ్గక పలవరింతలు పట్టినవి. ఆ బిడ్డ తల్లి తన గడప దగ్గర వెంట్రుకల ఉండ చూచితినని చెప్పెను. రెండు దినములలో ఆ మాట ఊరంతయు తిరిగెను. రాత్రులందు ఆ గుడిసె మీద రాళ్లు పడినవి.

నేను ఆ అవ్వను అడిగితిని. “ఏం చెయ్యాలె బిడ్డా, గా ఎంటికలోడు వస్తడు గద, ఆనికి అమ్ముకుంట. చాయపత్తికి, శక్కెరకు వస్తయి” అనెను. ఆమె సంచిలో ఉన్న బాణామతి ఇంతే.

ఈ వెంట్రుకల వ్యాపారమును మీరును ఎరుగుదురు. సైకిలు మీదనో మోటారు సైకిలు మీదనో వచ్చి, చిక్కు వెంట్రుకలకు స్టీలు గిన్నెలు, పిన్నులు, పిల్లలకు బుగ్గలు ఇచ్చి పోవు మనుష్యులు వారే. వారు కొన్న ఉండలు పెద్ద వర్తకులకు చేరును. కర్ణాటకలోని కొప్పళ ప్రాంతము, పడమటి బెంగాలులోని ముర్షిదాబాదు జిల్లా మొదలైన చోట్ల స్త్రీలు కూర్చుండి ఆ చిక్కులను సూదులతో, చేతులతో విడదీసి, పొడుగును బట్టి వేరు చేసి, కట్టలు కట్టుదురు. అక్కడనుండి అవి సవరములుగాను, పెట్టుడు జుట్టుగాను విదేశములకు పోవును. మన వేములవాడలోను, తిరుమలలోను భక్తులు మ్రొక్కు చెల్లించి ఇచ్చు జుట్టునకు కుదురు ఒక వైపున, కొస ఒక వైపున ఉండుటచేత వెల ఎక్కువ. తిరుమలలో ఆ జుట్టును బహిరంగముగా వేలము వేయుదురు. వారి మ్రొక్కును హేళన చేయుట మనకు తగదు. ముడి వెంట్రుకల ఎగుమతి మీద ప్రభుత్వము 2022 జనవరిలో నిబంధన పెట్టి, అనుమతి లేనిదే పంపకూడదని చెప్పెను. పుండు వ్యాధికి మందులు తీసికొని తల వట్టిదైన రోగులు కూడ ఈ వెంట్రుకలతో చేసిన టోపీలనే ధరించుదురు. మనము భయపడి కాల్చునది ఒక దేశములో ఒక రోగి తల మీద కూర్చుండును.

మరుసటి శనివారము ఉదయము, నీళ్ల టాంకీ దగ్గరికి స్త్రీలందరును వచ్చు వేళకు, నేను మా యింటి ముందర అరుగు మీద అద్దము పెట్టుకొని కూర్చుంటిని. పైన చెప్పిన పద్ధతిని రెండు పాయలు తీసి, రిబ్బనులు కట్టి, నాలుగు వ్రేళ్ల పొడుగున కత్తిరించితిని. బిందెలు దించి కొందరు నిలిచిరి. తరువాత ఆ అవ్వను పేరు పెట్టి పిలిచి, ఆ రెండు కుచ్చులను ఆమె చేతిలో పెట్టి అందరు వినునట్లు ఇట్లంటిని: “అవ్వా, ఇవి నా నెత్తి ఎంటికలు. ఎవలియో కాదు, నాయే. తీసుకపో. అమ్ముకో.” ఆమె చేతులు వణకెను. పుచ్చుకొనుటకు వెనుకాడెను. చివరకు కొంగున మూట కట్టుకొని పోయెను.

అంతటితో ఊరు మారినదని నేను వ్రాయను. ఆ సాయంకాలము ఒకామె వచ్చి, “టీచరమ్మా, నీకేమన్న అయితే ఎట్ల?” అని కన్నీళ్లు పెట్టుకొనెను. ఆ బిడ్డ తల్లి యింటికి మా సంఘపు అయ్యగారును నేనును పోయి, తాయెత్తుల వాని దగ్గరికి కాక, జగిత్యాల ఆసుపత్రికి తీసికొని పొమ్మని బతిమాలితిమి. ఆటోకు కావలసిన డబ్బు సంఘములో పోగుచేసితిమి. అక్కడ రక్తపరీక్షలో టైఫాయిడు అని తేలెను. పది దినములు మందులు వాడి బిడ్డ తిరిగి వీధిలోకి వచ్చెను. వెంట్రుకలవాడు వచ్చినప్పుడు ఆ అవ్వ నా కుచ్చులను అందరి యెదుట తూపించెను. తరువాతి వారము ఇద్దరు స్త్రీలు తమ దువ్వెన చిక్కులను గోడ సందులో దోపక తెచ్చి ఆమె సంచిలో వేసిరి. రాళ్లు పడుట మానెను. ఒక యింటివారు మాత్రము నేటికిని ఆమె ఎదురైనప్పుడు ప్రక్క సందులోనికి తిరుగుదురు. నాకు ఏమియు కాలేదు. మూడు నెలలకు నా కొస మరల ఒక అంగుళమున్నర పెరిగినది.

ప్రభువు మన తల వెంట్రుకలన్నియు లెక్కింపబడియున్నవని చెప్పిన మాటను మనము ఎన్నోసార్లు వింటిమి. ఆ మాట ఎక్కడ చెప్పబడినదో చూడుడి. మత్తయి సువార్త పదియవ అధ్యాయములో శిష్యులను అపాయకరమైన ప్రయాణమునకు పంపుచు, మనుష్యులకు భయపడవద్దని చెప్పుచున్నప్పుడు ఆయన ఆ మాట చెప్పెను. పిచ్చుకలను, వెంట్రుకలను ఒకే చోట పేర్కొనెను. లెక్క ఆయన దగ్గరనున్నదని నమ్మువారు తెగిన వెంట్రుక పొరుగింటి గోడ దాటినదని వణకుట ఎట్లు? కొండమీది ప్రసంగములో మనుష్యుడు ఒక వెంట్రుకనైనను తెలుపుగాని నలుపుగాని చేయలేడని కూడ ఆయన బోధించెను. మన ఒట్లకు అంత శక్తి లేనప్పుడు ఒక ముసలిదాని సంచికి ఎక్కడనుండి వచ్చును?

జడ కొస కత్తిరించుట పాపమని బోధించువారు కూడ మన ప్రాంతములో కలరు. వారు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదునొకండవ అధ్యాయమును చూపుదురు. అక్కడ అపొస్తలుడు స్త్రీ తలవెంట్రుకలను ఆమెకు ఘనతగా చెప్పుట నిజమే. అయితే ఆరాధనలో ముసుగును గూర్చి ఆయన మాటలాడుచు, క్షౌరము చేయించుకొనుటను పేర్కొనెనేగాని, జడ ఎన్ని జానలుండవలెనో కొలత పెట్టలేదు. చీలిన కొస తీసి ఉన్న జుట్టును కాపాడుకొనుట తల బోడి చేసికొనుట కాదు. ఆ పౌలే కొరింథు పట్టణపు రేవైన కెంక్రేయలో మ్రొక్కుబడి నిమిత్తము తన తల వెంట్రుకలు కత్తిరించుకొనెనని అపొస్తలుల కార్యములలో ఉన్నది. అబ్షాలోము సంవత్సరాంతమున బరువు తాళలేక తన జుట్టు కత్తిరించుకొని తూకము వేయించెను. తుదకు ఆ తలయే చెట్టుకొమ్మలలో చిక్కుకొనెను. ఈ మాట నేను పిండి గిర్నిలోను, నూర్పిడి యంత్రము దగ్గరను పని చేయు మన బిడ్డలకు ప్రత్యేకముగా చెప్పుచున్నాను. యంత్రపు పట్టీకి జడ అందినయెడల తల చర్మమే ఊడివచ్చును. అక్కడికి పోవునప్పుడు జడను చుట్టి గుడ్డతో బిగించి కట్టుకొనుడి.

తల్లులారా, మీ బిడ్డలలో ఎవరికైనను జుట్టు మిక్కిలి రాలుచున్నయెడల కత్తెరకంటె ముందుగా అన్నము కంచము వైపు చూడుడి. 2019 మొదలు 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమందు 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. తోటకూర, మునగాకు, రాగులు, పప్పు, వీలైనచో గ్రుడ్డు, మాంసము పెట్టుడి. మగవారు తినగా మిగిలినది తినుట మానుడి. అప్పటికిని నిలువనియెడల ఆసుపత్రిలో రక్తమును, గొంతు గ్రంథిని పరీక్ష చేయించుడి. దిష్టి తీయుట వలన ఆ జబ్బు పోదు.

కత్తిరించిన వెంట్రుకలను అమ్ముకొనుటకు ఇష్టము లేనివారు వాటిని జామచెట్టు మొదట గుంట తీసి పూడ్చవచ్చును. వెంట్రుకలో నత్రజని కలదు. మెల్లగా క్రుళ్లి మట్టికి ఎరువగును. గాలికి వదలినయెడల పిచ్చుకల కాళ్లకు చుట్టుకొని వాటిని కుంటివి చేయును, అన్నములో పడును. దాచుకొనవలసిన అవసరమును లేదు, కాల్చి కంపు చేయవలసిన అవసరమును లేదు.

ఈ నెలలో ఒక శనివారము స్త్రీల కూటములో నలుగురు కలిసి ఒకరి జడ కొస ఒకరు సరిచేసికొనుడి. విధవరాండ్రను, ఒంటరివారిని, చేతులు లేవని ముసలివారిని మొదట కూర్చుండబెట్టుడి. వారి తల ముట్టువారు ఎవరును ఉండరు. మీ వీధిలో అందరును వెలివేసి గుసగుసలాడు ముసలివారెవరైన ఉన్నయెడల ఆ దినమే వారి గుడిసెకు పోయి, వారి తలలో చిక్కు తీసి, నూనె రాచి రండి. పట్టపగలు, అందరు చూచుచుండగా పోయి రండి.